మహర్షి దేవేంద్రనాథ ఠాకూరుగారు: తప్పు దిద్దుకొనిన తెఱఁగు

ధర్మజీవనమును గోరువారిలో రెండు తెగలవారు కానవచ్చుచున్నారు. తాము చేసినది తప్పని యొప్పుకొనలేక దానికిఁ బ్రమాణములు వెదకుచుఁ గాలము గడపువారు కొందఱు. తప్పని యొప్పుకొనినది మొదలు తమ్ముఁ దామే దూషించుకొనుచు, ఆ దూషణమే పుణ్యమని భ్రమపడి, చేయవలసిన పనిని మఱచిపోవువారు మఱికొందఱు. మొదటి తెగవారిని గూర్చి సంస్కారపక్షమువారు పెక్కుమాఱులు వ్రాసియున్నారు. రెండవ తెగవారు సంస్కారపక్షమునందే యెక్కువగా నుందురు గావున వారి ప్రస్తావన యరుదుగా వచ్చుచుండును. ఎనిమిదేండ్ల కూఁతునకు వివాహము చేసి, పిదప జ్ఞానోదయము కలుగఁగా, ఆ సిగ్గుచేత సభలయందు నోరు మెదపక వెనుక వరుసలోఁ గూర్చుండిన పెద్దమనుష్యులు వెనుకటి తరములలో నెందఱో యుండిరి. వారి సిగ్గువలన నా బాలికకు మేలు కలుగలేదు. పొరుగింటి బాలికకును మేలు కలుగలేదు. తన తప్పును జూచి దిగులుపడుట వేఱు, దానినుండి నేర్చుకొనుట వేఱు అను సంగతి బ్రాహ్మధర్మమునకు రెండవ స్థాపకులని చెప్పఁదగిన దేవేంద్రనాథ ఠాకూరుగారి జీవితమునందుఁ గన్నులకుఁ గట్టినట్లు కనఁబడుచున్నది. ఆయన మహర్షి యని కొనియాడువారు సైతము ఈ భాగమును దాఁటిపోవుట చూచి మే మిది వ్రాయఁబూనితిమి.

దేవేంద్రనాథులు 1817వ సంవత్సరము మే 15వ తేదీన కలకత్తాలోని జొరాసాంకో గృహమున జన్మించిరి. తండ్రి ద్వారకానాథులు నీలిమందు, బొగ్గు, బ్యాంకు, జమీందారీలు మొదలగు పెక్కు వ్యవహారములలో నాఱితేఱిన మహాధనికులు. దొరలతో సమానముగా వర్తకము నడపినవారు. రామమోహన రాయలవారి మిత్రులు. ఆ స్నేహమువలన బాలుఁడు రామమోహనులు స్థాపించిన పాఠశాలలోఁ జదివెను. వారి తోఁటలో నుయ్యాల యూఁగెను. ఒకనాఁడు దుర్గాపూజకుఁ బిలుచుటకై తాతగారి పక్షమున వెళ్లి, విగ్రహారాధనము విడిచిన యా మహనీయుని నిర్దోషముగా నాహ్వానించెను. రామమోహనులు పొందిన యాశ్చర్యమునకు అర్థ మా బాలునకు నాఁడు తెలియలేదు. పెద్దవాఁడైన తరువాతఁ దెలిసినది. పిమ్మట హిందూకళాశాలలోఁ గొంతకాలము చదివి, యౌవనమున ధనికుల బిడ్డలు మునిఁగెడి భోగములలోనే యాయనయు మునిఁగిరి.

ఇంచుమించు 18 ఏండ్ల ప్రాయమున ఆయన యవ్వగారికి అవసానకాలము వచ్చినది. అప్పటి యాచారము ననుసరించి యామెను గంగ యొడ్డునకుఁ గొనిపోయిరి. తల్లికంటె నెక్కువగాఁ దన్నుఁ బెంచిన యా వృద్ధురాలి చెంత ఆయన యొక రాత్రి నిమ్తలా ఘట్టమునొద్ద ముతక చాపమీఁదఁ గూర్చుండిరి. పైన వెన్నెల, ఎదుట శ్మశానము, చెవిలో దూరమునుండి హరినామ సంకీర్తనము. ఆ క్షణమున ఐశ్వర్యమంతయుఁ దుచ్ఛమై, ముతక చాపయే తగిన యాసనమై, చెప్పనలవిగాని యానందము మనస్సునఁ బొంగినది. ఇంతవఱకు లోకులెఱిఁగినదే. తరువాత జరిగినదానిని గమనించువారు తక్కువ.

ఆ యానందము రెండు నాళ్లకే పోయినది. మరల రప్పింపఁజూచినను రాలేదు. అది రాకుండుటకుఁ దన యైశ్వర్యమే కారణమని తలఁచి, ఆయన యొకనాఁడు తాను కల్పవృక్షమైతి ననియు, అడిగినవారికి అడిగిన వస్తువు నిచ్చెద ననియుఁ బ్రకటించిరి. బంధువొకఁడు పెద్ద యద్దములను, చిత్తరువులను, జరీ దుస్తులను అడుగఁగా వెంటనే యిచ్చివేసిరి. గది బోసిపోయెను, మనస్సు తేలిక పడలేదు. నట్టనడి మధ్యాహ్నపు టెండ సైతము నల్లగాఁ దోఁచునంత దుఃఖమున ఆయన గంగ కావలి యొడ్డున నున్న వృక్షశాస్త్రపు తోఁటకుఁ బోయి, అచ్చటి సమాధిరాతిపై నొంటరిగాఁ గూర్చుండువారు. తన వెనుకటి భోగజీవితమును అసహ్యించుకొనుటయే దైవమార్గమని యప్పుడాయన నమ్మిరి. అసహ్యము తలుపును మూయఁగలదు గాని తెఱవలేదని తెలియుటకు ఆయనకుఁ గొన్నియేండ్లు పట్టినది.

తలుపు తెఱచుకొనిన విధము విచిత్రమైనది. ఒకనాఁడు సంస్కృత గ్రంథమునుండి చినిఁగిన పుట యొకటి గాలికిఁ గొట్టుకొని యాయన ముందు పడెను. అది రామమోహనులు ప్రకటించిన ఈశావాస్యోపనిషత్తులోని మొదటి పుట. రామచంద్ర విద్యావాగీశులు దాని యర్థమును వివరింపఁగా, లోకమంతయు భగవంతునిచే నావరింపఁబడి యున్నదనియు, ఆయన యిచ్చినదానిని అనుభవించుట పాపము కాదనియుఁ దెలిసికొని దేవేంద్రనాథులు తెప్పఱిల్లిరి. తాను పాఱవేయఁజూచిన లోకమునే యుపనిషత్తు భగవంతుని నివాసముగాఁ జూపినది. తన పుట్టుక, తన యిల్లు, తన యౌవనము అన్నియు ద్వేషింపఁదగినవి గావని యది యాయనకు మొదటి పాఠము.

అటుపిమ్మట జరిగిన పనులను క్లుప్తముగాఁ జెప్పి ముందునకు సాగెదము. 1839వ సంవత్సరమునఁ దత్త్వబోధినీ సభను స్థాపించిరి. 1843వ సంవత్సరమునఁ దత్త్వబోధినీ పత్రిక వెలువడినది. అక్షయకుమార దత్తుగారు సంపాదకులు. ఆ సంవత్సరమే డిశెంబరు 21వ తేదీన ఇరువదిమంది మిత్రులతోఁ గూడ విద్యావాగీశులవలన బ్రాహ్మదీక్ష గైకొనిరి. రామమోహనుల మరణానంతరము దిక్కులేక చిక్కిపోయిన సమాజమునకు మరల ఊపిరి వచ్చినది.

ఇఁక మా ప్రధాన విషయమునకు వచ్చెదము. 1845వ సంవత్సరమున కలకత్తాలో డఫ్ దొరగారి ప్రోత్సాహమున నొక బాలుఁడు తన బాలికాభార్యతోఁ గూడఁ గ్రైస్తవమతమునఁ గలసెను. నగరమంతయు నుడికిపోయినది. దేవేంద్రనాథులు పూర్వాచారపరులను సైతము కలుపుకొని హిందూ బాలురకై ఉచిత పాఠశాల నెలకొల్పుటకుఁ బాటుపడిరి. పాదరులు తమ గ్రంథము దైవదత్తమనియు, బ్రాహ్మసమాజమునకు అట్టి గ్రంథము లేదనియు నాక్షేపించుచుండఁగా, వేదములే నిర్దోషములైన దైవవాక్యములని సమాజపక్షమునఁ బత్రికలోఁ బ్రకటింపఁబడినది. దేవేంద్రనాథులు మనఃపూర్వకముగా నట్లే నమ్మిరి. వాదపు వేఁడిలో మనుష్యుఁడు తన చేతికి దొరకిన కోటను పరీక్షింపకయే యందుఁ బ్రవేశించును. నాలుగు వేదములను జదివినవాఁ డొక్కఁడైనను నాఁడు సమాజమున లేఁడు. చదువని గ్రంథమును నిర్దోషమని ప్రకటించుట పెద్ద తప్పని చెప్పుటకు మేము సందేహింపము.

ఆయన గొప్పతనము ఆ తప్పు చేయకపోవుటలో లేదు. ప్రకటించినదానిని పరీక్షింపఁ బూనుకొనుటలో నున్నది. నాలుగు వేదములను నేర్చుకొని వచ్చుటకై నలుగురు విద్యార్థులను స్వంత వ్యయముతోఁ గాశికిఁ బంపిరి. 1847వ సంవత్సరమునఁ దామే కాశికిఁ బోయి పండితులను సమావేశపఱచి విచారించిరి. ఇచ్చట అక్షయకుమార దత్తుగారు యుక్తివాదముతో నాయనను ఊపిరి తిరుగనీయలేదు. ఉపనిషత్తులను మరల మరల చదువఁగాఁ దన యుపాసనకు నిలువని భాగములు వానియందే కనఁబడినవి. భగవంతుఁడు ఉపాస్యుఁడు, తాను ఉపాసకుఁడు అను సంబంధము తెగిపోయి జీవబ్రహ్మముల యైక్యమును జెప్పు వాక్యములను ఆయన హృదయ మంగీకరింపలేదు. 1850వ సంవత్సర ప్రాంతమునకు వేదములు నిర్దోషములను సిద్ధాంతమును సమాజము బహిరంగముగా విడిచినది. స్వయంప్రకాశమగు జ్ఞానముచే వెలుఁగొందు నిర్మలహృదయమే ధర్మమునకుఁ బునాది యని నిశ్చయింపఁబడినది.

అయిదేండ్లకుఁ బూర్వము నగరమంతయు వినునట్లు చాటినదానిని అయిదేండ్ల తరువాత నగరమంతయు వినునట్లు వెనుకకుఁ దీసికొనుట సులభము గాదు. పాదరులు నవ్విరి, పూర్వాచారపరులు నిందించిరి. అట్టి వేళ మనుష్యునకు రెండు దుర్బుద్ధులు పుట్టును. నేనెన్నఁడు నట్లనలేదని తప్పించుకొనుట యొకటి. నేను మూఢుఁడను, నాకు ధర్మముపై మాటలాడు నర్హత లేదని తొలఁగిపోవుట రెండవది. దేవేంద్రనాథులు రెండింటినిఁ జేయలేదు. ఉపనిషత్తులను గంగలోఁ బాఱవేయను లేదు. వానియందు సత్యమని తన యంతరాత్మ యొప్పుకొనిన వాక్యములను ఏఱి, 1848వ సంవత్సరమున అక్షయకుమారులు వ్రాయుచుండఁగా మూఁడు గంటల కాలమునఁ జెప్పి ముగించిరఁట. అదియే బ్రాహ్మధర్మ గ్రంథమునకు మొదటి భాగము. తొట్రుపాటు పడిన యా కాలమే యీ గ్రంథమును గనిపెట్టుటకుఁ గారణమైనది. చెంబేటి శ్రీధరలు నాయుడుగారు కలకత్తాకుఁ బోయి బ్రాహ్మధర్మము నభ్యసించి వచ్చి, మదరాసులోని వేదసమాజమును 1871వ సంవత్సరమున దక్షిణహిందూదేశ బ్రాహ్మసమాజముగా మార్చి, ఆ గ్రంథమును దెలుఁగునకుఁ దెచ్చుటచేత మనవారికిని దాని పరిచయము కలిగినది.

ఉపనిషత్తులపట్ల నాయన చూపిన న్యాయమునే తన గతజీవితముపట్లను జూపెనని మా యభిప్రాయము. నిర్దోషము గాని గ్రంథమందు సత్యము లేదనుట యెంత తప్పో, నిర్దోషము గాని జీవితమందు విలువ లేదనుటయు నంతే తప్పు. ఏఱి యుంచుకొనవలసినది యుంచుకొని, విడువవలసినది విడుచుటకు వివేకము కావలెను. ఆ వివేకమునకు దయ కావలెను.

ఈ కాలముననే యాయనకు లౌకికముగా గొప్ప కష్టము వచ్చినది. ద్వారకానాథులు 1846వ సంవత్సరము ఆగస్టు 1వ తేదీన లండనులో స్వర్గస్థులైరి. తండ్రి శ్రాద్ధమును సాలగ్రామము లేకుండ జరుపుదునని దేవేంద్రనాథులు పట్టుపట్టఁగా జ్ఞాతులు చాలమంది విడిచిరి. 1848వ సంవత్సర ప్రారంభమునఁ గార్ ఠాకూరు కంపెనీ కూలిపోయినది. లెక్క చూడఁగా అప్పులు ఒక కోటి రూపాయలు, రావలసినవి 70 లక్షలు, తక్కువ పడినవి 30 లక్షలు. ద్వారకానాథులు ముందు చూపుతోఁ గొన్ని జమీందారీలను ట్రస్టు పత్రము క్రింద నుంచి యుండిరి. చట్టప్రకారము ఋణదాతలు వానిని ముట్టుకొనుటకు వీలులేదు. దేవేంద్రనాథులు తమ్ముఁడు గిరీంద్రనాథులతో నాలోచించి, ఆ జమీందారీలను సైతము ఋణదాతల వశము చేసిరి. వారిలోఁ గొందఱు కన్నీరు విడిచిరఁట. కుటుంబపోషణకై సంవత్సరమునకు 25,000 రూపాయలు వారే యేర్పఱిచిరి. నౌకరులు తగ్గిరి, బండ్లు, గుఱ్ఱములు వేలమునకుఁ బోయినవి. కాలక్రమమున అప్పులన్నియుఁ దీర్పఁబడినవి. తండ్రి ధర్మసంస్థకు నోటిమాటగా వాగ్దానము చేసిన లక్షరూపాయలను సైతము వడ్డీతోఁ గూడఁ జెల్లించిరి.

చదువరులు ఈ సంగతిని వెనుకటి కల్పవృక్షపు సంగతితోఁ బోల్చి చూతురు గాక. నాఁడు యువకుఁడు అద్దములను విడిచినది తన్నుఁ దాను శిక్షించుకొనుటకు. అందువలన శాంతి లేదు. 30 ఏండ్లు దాఁటిన గృహస్థుఁడు జమీందారీలను విడిచినది ఒరులకుఁ జెందవలసినది వారికి చేర్చుటకు. అందువలనఁ గలిగిన శాంతిని గూర్చి యాయన తరువాత సంతోషముతో వ్రాసికొనిరి. విడుచుట రెండుచోట్లను ఒక్కటే. మొదటిచోట నాయన దృష్టి తన మీఁదనే యుండెను. రెండవచోట ఋణదాతల మీఁద నుండెను. ప్రాయశ్చిత్తమని పేరు పెట్టి తన్నుఁ దాను బాధించుకొనువాఁడు చాలమాఱులు నష్టపడినవానిని మఱచిపోవును. అప్పుపత్రము నెదుట నుంచుకొని కన్నీరు కార్చుటకంటె ఒక్క రూపాయి చెల్లించుట మేలు.

పాఠము నేర్చుకొనినవాఁడు మరల తప్పటడుగు వేయఁడని తలఁపరాదు. 1856వ సంవత్సరమున దేవేంద్రనాథులకు సమాజముపై విరక్తి పుట్టినది. అక్షయకుమారులు మొదలగు యుక్తివాదులు సభఁ జేసి, భగవంతుని గుణములను గూర్చి చేతులెత్తించి, ఎక్కువమంది యభిప్రాయమును సిద్ధాంతముగా నిశ్చయించుచుండిరి. దేవుఁడున్నాఁడా, ఆయన సర్వశక్తుఁడా యను ప్రశ్నలను చేతులు లెక్కించి తేల్చుట చూచి యెవరికైనను నవ్వు వచ్చును. దేవేంద్రనాథులకు నవ్వు రాలేదు, దుఃఖము వచ్చినది. ఇఁక మరలి రానను తలంపుతోనే ఆ యక్టోబరులో నింటిని విడిచి కాశి, ఆగ్రా, ఢిల్లీ, అమృతసరము మీఁదుగా మఱుసటి వేసవికి సిమ్లా చేరిరి. 1857వ సంవత్సరపు సిపాయీల కలఁతలో గూర్ఖా దండు తిరుగఁబడునను భయముచే సిమ్లాలోని దొరలు, బంగాళీలు చెదరిపోవఁగా నాయనయు గొంతకాలము డగ్షాయికిఁ దొలఁగి, మరల వచ్చి యింకను పైకి, మంచుకొండల వైపునకుఁ బోయిరి.

ఆ ధ్యానకాలమును మేము తక్కువ చేయము. ఆయన యుపాసనకుఁ గలిగిన లోఁతు అచ్చటనే కలిగినది. కాని వృక్షశాస్త్రపు తోఁటలోని సమాధిరాయి మరల హిమాలయశిఖరమై కనఁబడినట్లు మాకుఁ దోఁచుచున్నది. మొదట తన్ను సహింపలేక పాఱిపోయిరి. ఇప్పుడు తోడివారిని సహింపలేక పాఱిపోయిరి. తన్ను సహింపలేనివానికే తోడివారిని సహించుట కష్టము గదా.

ఒకనాఁడు వర్షకాలమున ఆయన కొండయేటి యొడ్డున నిలిచి దాని వేగమును జూచుచుండిరి. కొండపైన నెంత నిర్మలము! ఎంత చల్లన! ఇంత స్వచ్ఛమైన నీరు క్రిందికి దిగి, బురదలోఁ గలసి, మలినమగుట యెందులకని మొదట వగచిరి. క్రిందికి దిగనిది ఈ నీటివలన నొక్క పొలమైనను పండదను తలంపు వెంటనే కలిగినది. ఆ యేటివలె గర్వమును విడిచి క్రిందికి దిగుమనియు, కొండపైఁ బొందినదానిని మనుష్యులకుఁ బంచుమనియు నంతర్యామి యాజ్ఞాపించినట్లాయనకుఁ దోఁచినది. ఈ యాజ్ఞ యాయనకు ఇష్టము కాలేదు. గుండె దడదడ కొట్టుకొనినది; రాత్రి నిద్ర పట్టలేదు. ఇల్లు విడిచి వచ్చినవాఁడు తిరిగి పోయిన లోకులు నవ్వరా? తన ప్రతిజ్ఞ యేమగును? అయినను మఱునాఁడు ప్రయాణము నిశ్చయము కాఁగానే దడ తగ్గినది. 1858వ సంవత్సరము నవంబరులోఁ గలకత్తా చేరిరి. మరలి రానని బయలుదేరినవాఁడు మరలి వచ్చుటకు సిగ్గుపడినచో మన దేశమున కొక మహర్షి కొండలలోనే మిగిలిపోయి యుండును.

తిరిగి వచ్చినవానికి ఇంట నొక బహుమానము కాచుకొని యుండినది. ఆయన లేనికాలమున, అనఁగా 1857వ సంవత్సరమున, కేశవచంద్ర సేనుఁడను యువకుఁడు సమాజమున చేరియుండెను. 1862వ సంవత్సరమున దేవేంద్రనాథులు బ్రాహ్మణేతరుఁడగు నతనిని ఆచార్యపీఠమునఁ గూర్చుండఁబెట్టి బ్రహ్మానందుఁడని పేరిడిరి. పిదప వచ్చిన చీలిక యందఱు నెఱిఁగినదే. యజ్ఞోపవీతధారులైన యుపాచార్యులు వేదికనెక్కరాదని యువకులు కోరిరి. 1864వ సంవత్సరపు పెనుగాలికి మందిరము పాడుకాఁగా నుపాసన దేవేంద్రనాథుల యింట జరిగినపుడు పాత యుపాచార్యులే మరల వేదికనెక్కిరి. 1866వ సంవత్సరము నవంబరులో యువకులు వేఱైరి. ఈ విషయమున మా తీర్పు యువకుల పక్షమే. కులభేదముల యెడ మహర్షి చూపిన మందగమనమునకు సమాధానము చెప్పుట కష్టము. 1873వ సంవత్సరమునఁ దమ కుమారుఁడు రవీంద్రనాథునకు ఉపనయనము చేయించుటయు మాకు నచ్చలేదు. కాని వేఱైన యువకులను ఆయన శత్రువులుగాఁ జూడలేదు. వారును 1867వ సంవత్సరమున సమర్పించిన విజ్ఞాపనపత్రములో మహర్షి యని సంబోధించిరి. 1883వ సంవత్సరమునఁ గేశవుఁడు మరణశయ్యపై నుండఁగా వృద్ధుఁడైన యాయన చూడవచ్చిరి.

ఇచ్చట నొకమాట. పాపభీతి కేశవచంద్రుల యుపాసనలో బలముగా నుండెను. అనుతాపముతోఁ గన్నీరు కార్చుట యా పక్షమున నుపాసనకు ముఖ్యాంగమయ్యెను. దేవేంద్రనాథుల యుపాసనలో నానంద మెక్కువ, విలాప మల్పము. పాపమును దేలికగాఁ జూచుటవలన నట్లయినదని కొంద ఱాక్షేపించిరి. యౌవనమంతయు విలపించి, అందువలనఁ గలిగిన ఫలమును దూఁచి చూచినవాఁడగుటచేతనే యట్లయ్యెనని మే మనుకొనుచున్నాము.

1863వ సంవత్సరమున బోలుపూరునొద్దఁ బొట్టినేలలో రెండు సప్తపర్ణ వృక్షముల నీడను జూచి ఆయన యిరువది బీగాల నేలను గైకొనిరి. అదియే శాంతినికేతనము. 1888వ సంవత్సరమునఁ దానిని ట్రస్టు పత్రముచే సర్వమతస్థుల ధ్యానమునకై యర్పించిరి; విగ్రహపూజకును, మాంసభక్షణమునకును, అన్యమతదూషణకును అచ్చటఁ దావులేదని నియమించిరి. వేసవిలో నెండకు మాడెడి యా నేలపై నాయన చెట్లు నాటించిరి. ఇంటిని విడిచి పాఱిపోయినవాఁడు పదుగురు వచ్చి కూర్చుండుటకు నీడ నేర్పఱిచెను.

1905వ సంవత్సరము జనవరి 19వ తేదీన జొరాసాంకోలోఁ దమ 87వ యేట దేహము విడిచిరి. ఆయన వంగభాషలో వ్రాసిన స్వీయచరిత్రమునందుఁ గల్పవృక్షపు టద్దములు, వేదములను గూర్చిన భ్రమ, కొండయేటి యొడ్డునఁ గలిగిన తొట్రుపాటు అన్నియుఁ గలవు. ఒకదానినైనను దాఁచలేదు, ఒకదానికైనను తన్ను దూషించుకొనలేదు. పొరుగువాని బాల్యమును జెప్పినట్లు చిఱునవ్వుతోఁ జెప్పిరి. ఆ గ్రంథము ఆయన 41వ యేట, హిమాలయములనుండి కలకత్తాకుఁ దిరిగి వచ్చుటతో ముగిసినది. తరువాతి నలువదియాఱేండ్ల కథను ఆయన వ్రాయలేదు.